సైకిలుపై శ్రీశైలయాత్ర: తీర్థసేవయా, అరణ్యాపచారమా?



మల్లికార్జున దర్శనార్థం నల్లమల మార్గంలో సైకిలు తొక్కుతూ వెళ్లేవారు నేడు కొత్త కాదు. వీరిని చూచి మూడు వర్గాలవారు మూడు విధాలుగా వాదిస్తున్నారు. వాహనమెక్కినవానికి తీర్థఫలం ఎక్కడిదని ఆచారపరుల ఆక్షేపం. పొగ లేనిది, చప్పుడు లేనిది కనుక సైకిలుకు అడవిలోని ప్రతి కాలిబాటనూ తెరవాలని సాహసప్రియుల అభ్యర్థన. ఘాట్ రోడ్డులో వీరు కార్లకు అడ్డమని, రోడ్డును విస్తరించి వేగానికి దారి ఇవ్వాలని మోటారు యాత్రికుల ఫిర్యాదు. ఈ మూడు వాదాలలోను వేర్వేరు దోషాలున్నవి. కానీ మూడింటికీ మూలమైన దోషం ఒక్కటే. అడవి దేవాలయానికి వెలుపల ఉన్న ఖాళీ స్థలమనే భావనయే ఆ దోషం. దానిని ఖండించడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

క్షేత్రం ఎక్కడ ఆరంభమవుతుంది?

శ్రీశైలానికి నాలుగు ప్రధాన ద్వారాలు ప్రసిద్ధం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పశ్చిమాన అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. వీటికి తోడు నాలుగు విదిక్కులలో నాలుగు ఉపద్వారాలు. ఆగ్నేయాన సోమశిల, నైరృతిన పుష్పగిరి, వాయవ్యాన సంగమేశ్వరం, ఈశాన్యాన ఏలేశ్వరం. ఈ ఎనిమిదింటిలో ఏ ఒక్కటీ మల్లికార్జునుని గోపురానికి ఆనుకొని లేదు. అన్నీ ఆమడల దూరంలో ఉన్నవి. సిద్ధవటం కడప సీమలోనిది, అలంపురం తుంగభద్రా తీరంలోనిది. ద్వారం అంత దూరాన ఉన్నదంటే దాని అర్థమేమి? ద్వారానికీ గర్భాలయానికీ నడుమ ఉన్నదంతా ప్రాకారమే అని కదా! ఆ ప్రాకారం రాతితో కట్టినది కాదు. ఇప్పచెట్లతో, నల్లమద్దితో, వెదురుపొదలతో, మారేడు వనాలతో, లోయలతో, సెలయేళ్లతో పరమేశ్వరుడే పెంచుకున్నది. ఉమామహేశ్వరం దాటి మన్ననూరు వద్ద అడవిలో ప్రవేశించినవాడు గుడికి ఇంకా ఎంతో దూరాన ఉన్నానని అనుకుంటాడు. శాస్త్రదృష్టిలో అతడు అప్పటికే గుడిలో ఉన్నాడు.

ఈ విషయాన్ని త్రిపురారం వాసులు అందరికంటె ముందుగా గ్రహించవలసి ఉన్నది. పేరు పలకగానే త్రిపురారిని స్ఫురింపజేసే ఈ ఊరికి శ్రీశైలం వైపు అతి సమీపమైన ద్వారం ఈశాన్యపు ఏలేశ్వరం. ఆ ఏలేశ్వరం నేడు లేదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం నిండిన తరువాత ఆ ప్రాచీన క్షేత్రం జలగర్భంలో కలిసిపోయింది. 1967లో సాగరం నుండి కాలువలకు విడిచిన ఆ నీరే ఎడమ కాలువ ద్వారా హాలియా, నిడమనూరు, త్రిపురారం, మిర్యాలగూడ పొలాలను వరిమళ్లుగా మార్చింది. త్రిపురారంలో వండుకునే ప్రతి గుప్పెడు బియ్యంలోను మునిగిపోయిన ఒక శివద్వారం యొక్క త్యాగం ఉన్నది. ఇది నింద కాదు. అన్నం పరబ్రహ్మస్వరూపమే. కానీ ఋణమెప్పుడూ ఋణమే. ఒక ద్వారాన్ని నీటికి సమర్పించుకున్న ప్రాంతానికి చెందినవారు మిగిలిన ద్వారాల నడుమ ఉన్న అడవి విషయంలో ఉదాసీనులుగా ఉండటం ఋణగ్రస్తునికి తగిన పని కాదు.

మొదటి వాదం: వాహనారూఢునికి ఫలం లేదు

ఆచారపరుల వాదానికి ఆధారం లేకపోలేదు. మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం ఎద్దునెక్కి తీర్థానికి వెళ్లేవానిని తీవ్రంగా నిందించింది. ఐశ్వర్యగర్వంతోనో, లోభమోహాలతోనో యానంపై వెళ్లినవానికి తీర్థం నిష్ఫలమని చెప్పింది. దీనిని పట్టుకొని "సైకిలు కూడా యానమే కదా" అనడం అక్షరాన్ని గ్రహించి హేతువును విడిచిపెట్టడం. నిషేధానికి హేతువులు ఆ ప్రకరణంలోనే ఉన్నవి. ఒకటి మూగజీవికి కలిగే పీడ. రెండవది ధనమదం. సైకిలుకు పూన్చిన ఎద్దు లేదు. తొక్కేవాని పిక్కలే దానికి ఎడ్లు. పీడ ఉన్నచో అది అతని శరీరానికే. ఆ పీడకు తపస్సని పేరు. ఇక ధనమదం మాటకు వస్తే, వరికోతల కాలంలో గడ్డిమోపు కట్టుకొని వచ్చిన పాత సైకిలుపై వెళ్లే రైతుబిడ్డకు ఐశ్వర్యగర్వం ఎక్కడిది? హేతువు లేనిచోట నిషేధం ప్రవర్తించదు.

ఇంకొక విచిత్రం ఉన్నది. సైకిలు యాత్రికుని ఆక్షేపించే ఆచారపరులలో అనేకులు తాము మాత్రం శీతలీకృత కారులో కూర్చొని, అద్దాలు బిగించుకొని, శివస్తోత్రాలు వింటూ రెండు గంటలలో అడవి దాటుతున్నారు. మత్స్యపురాణ వచనం ఎవరికి వర్తిస్తుంది? కారులో ఐశ్వర్యమూ ఉన్నది, చక్రాల క్రింద నలిగే జీవులకు పీడయూ ఉన్నది. పురాణవాక్యం ఇతరులను కొలిచే కొలబద్ద అని, తమను కొలవదని అనుకోవడం ధర్మం కాదు.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైలానికి తరలివెళ్లే భక్తజనాన్ని వర్ణించాడు. దారిలో పడే శ్రమయే అక్కడ యాత్రకు ప్రాణం. పద్నాలుగవ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొండకు మెట్లు కట్టించినప్పుడు కూడా ఎక్కవలసిన శ్రమను తొలగించలేదు. ఎక్కడానికి పాదానికి ఆధారమిచ్చాడు, అంతే. నేటికీ శివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నడిచి వస్తున్నారు. పాదయాత్రకు సాటి మరొకటి లేదు. సైకిలు దానికి సాటి అని ఎవరూ అనరాదు. కానీ పాదయాత్రకూ కారుకూ నడుమ మెట్టు ఏదైనా ఉన్నదంటే అది సైకిలే. మెట్టును నిందించేవాడు శిఖరాన్ని చేరడు.

రెండవ వాదం: నిశ్శబ్దమైనది కనుక అంతటా పోవచ్చు

సాహసప్రియుల వాదం వినడానికి మధురంగా ఉంటుంది, పరిణామంలో విషమం. వారు రాజస్థానంలోని భరత్‌పూర్‌ను ఉదాహరిస్తారు. శివుని పేరుతో వెలసిన ఆ కేవలాదేవ్ పక్షివనంలో సందర్శకులు సైకిళ్లపైన, రిక్షాలపైన తిరగవచ్చు. నిజమే. కానీ దృష్టాంతం దార్ష్టాంతికానికి సరిపోవాలి కదా! భరత్‌పూర్ సుమారు 29 చదరపు కిలోమీటర్ల చదునైన చిత్తడి నేల, ప్రధానంగా పక్షులకు నిలయం. నల్లమల పులుల ఆవాసం. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంగా ఇది ప్రాజెక్టు టైగరులో చేరింది. రాష్ట్ర విభజన అనంతరం కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. ఆ ఒక్క భాగమే 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడి ఉన్నది. అక్కడ పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుజు, దుప్పి సంచరిస్తున్నవి.

సైకిలు నిశ్శబ్దంగా పోతుందనేది ఈ అడవిలో గుణం మాత్రమే కాదు, దోషం కూడా. మోటారు శబ్దం విన్న జంతువు దూరం నుండే తప్పుకుంటుంది. నడిచేవాని అడుగుల చప్పుడు, మాటల చప్పుడు దానికి ముందే తెలుస్తవి. వాలులో గాలిలా దిగే సైకిలు మాత్రం ఏ హెచ్చరికా లేకుండా మలుపు తిరుగుతుంది. ఇప్పపూలు రాలే వేసవి ఆరంభంలో ఎలుగుబంటి ఆ పూలకోసం తెల్లవారుజామున, సాయంసంధ్యలో చెట్ల క్రింద తిరుగుతుంది. దాని చూపు మందం, వినికిడి కూడా అంత పదునైనది కాదు. తల వంచి మేస్తున్న ఎలుగుకు పది అడుగుల దూరంలో అకస్మాత్తుగా సైకిలు ప్రత్యక్షమైతే అది భయంతో మీద పడుతుంది. తప్పు జంతువుది కాదు. ఆ తరువాత దానిని బంధించాలని కేకలు వేసేవారు మనుషులే. ఒకని సాహసం ఒక మూగజీవికి కారాగారమవుతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో అనుమతి లేని ప్రవేశాన్ని నిషేధించింది. ఈ చట్టాన్ని కేవలం రాజశాసనంగా చూడరాదు. గర్భాలయంలోకి అర్చకుడు తప్ప ఇతరులు పోరాదనే నియమం ఎటువంటిదో, అభయారణ్యపు అంతర్భాగంలోకి పోరాదనే నియమం అటువంటిదే. "నేను స్నానం చేసి, మడి కట్టుకొని, చప్పుడు చేయకుండా వస్తాను, గర్భగుడిలోకి రానివ్వండి" అని ఏ భక్తుడూ వాదించడు. పొగ లేదు, చప్పుడు లేదు కనుక అంతర్భాగంలోకి రానివ్వాలనేవాడు సరిగ్గా ఆ వాదనే చేస్తున్నాడు. అభయారణ్యం అనే మాటలోనే అభయం ఉన్నది. సర్వభూతాలకూ అభయమివ్వడం సన్న్యాసి చేసే మొదటి దానం. ఆ దానాన్ని గృహస్థులు సమష్టిగా చేసిన చోటు అభయారణ్యం. ఇచ్చిన దానాన్ని వినోదం కోసం తిరిగి లాగుకోవడం దత్తాపహారం.

ఇక అడవి బాటలు ఖాళీ బాటలు కావు. అవి చెంచుల ఇంటి వాకిళ్లు. తేనెకు, గడ్డలకు, బంకకు తరతరాలుగా వారు నడిచిన దారులు. 1943లో హైమెన్‌డార్ఫ్ చెంచులపై గ్రంథం ప్రచురించేనాటికే వారి జీవనం ఆ బాటలతో పెనవేసుకొని ఉన్నది. మల్లికార్జునుని చెంచు మల్లయ్యగా, తమ ఇంటి అల్లునిగా భావించే జాతి అది. చైత్ర పౌర్ణమి సమయంలో జరిగే సలేశ్వరం జాతరలో లింగమయ్యకు పూజారులు వారే. వారి గూడేల నడుమ రంగురంగుల బిగుతు దుస్తులతో దూసుకుపోతూ, అడగకుండా వారి బిడ్డల ఛాయాచిత్రాలు తీసేవారు దేవుని అత్తవారింటికి వెళ్లి అమర్యాద చేస్తున్నారు.

సాహసప్రియులలో ఇంకొక సూక్ష్మరోగం ఉన్నది. ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు, ఎన్ని నిమిషాలు అని ఫోనులో నమోదు చేసి, స్ట్రావా వంటి యాపులలో ప్రకటించి, ఫలానావాని కంటె తానే ముందు ఘాటు ఎక్కానని సంబరపడటం. పురాణం చెప్పిన ధనమదం ఇక్కడ వేగమదంగా పునర్జన్మ ఎత్తింది. కారువానికి ఇంజను గర్వం, వీనికి తొడల గర్వం. పనిముట్టు మారింది, అహంకారం మారలేదు. గంగలో మునిగినా కాకి హంస కాదు. మహాభారతం తీర్థయాత్రాపర్వంలో తీర్థఫలం పొందే అధికారిని నిరూపిస్తూ, ఎవని చేతులు, పాదాలు, మనస్సు చక్కగా నియమింపబడి ఉన్నవో వానికే ఫలమన్నది. సైకిలు యాత్రికునికి ఇంతకంటె సూటియైన ఉపదేశం మరొకటి ఉండదు. చేయి బ్రేకుపైన, పాదం తొక్కుడు పైన, మనస్సు మహేశ్వరునిపైన.

మూడవ వాదం: దారి వేగానికే

మోటారు యాత్రికుల వాదానికి బలం సంఖ్యలో ఉన్నది, న్యాయంలో లేదు. మన్ననూరు నుండి దోమలపెంట వరకు అడవి మార్గంలో రాత్రి తొమ్మిది గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు వాహనాల రాకపోకలపై నిషేధం ఉన్నది. దోర్నాల వైపు కూడా ఇటువంటి కట్టడి ఉన్నది. కర్ణాటకలో బందీపుర అడవిగుండా పోయే రహదారిపై 2009 నుండి రాత్రి నిషేధం అమలులో ఉన్నది. దీనికి కారణం స్పష్టం. రాత్రి దీపకాంతి కంటబడిన జంతువు కదలలేక నిలిచిపోతుంది, వేగంగా వచ్చే వాహనం ఆగలేదు. పగలు కూడా వేగం తగ్గించకపోతే ఆ నిషేధం సగం ధర్మమే అవుతుంది.

పుణ్యమనుకొని కోతులకు కారు కిటికీలోనుండి అరటిపండ్లు, బిస్కెట్లు విసిరేవారి సంగతి వేరుగా చెప్పాలి. ఆ ఆహారానికి అలవాటుపడి కోతులు అడవిలోని మేడిపండ్లను విడిచి రోడ్డుమీదకు వస్తున్నవి. తరువాతి కారు క్రింద పడుతున్నవి. విసిరినవాడు శిఖరదర్శనం చేసుకొని తృప్తుడై ఇంటికి పోతాడు. వాని పుణ్యానికి కట్టిన వెల ఒక తల్లికోతి ప్రాణం. పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞమనేది జీవులకు వాటి భాగాన్ని వాటికి విడవడం. వాటిని బిచ్చగాళ్లుగా చేయడం కాదు.

మన్ననూరు నుండి శ్రీశైలం దిశగా అడవిపై ఎత్తైన స్తంభమార్గం నిర్మించాలనే ప్రతిపాదన కూడా నేడు ఉన్నది. క్రింద జంతువులకు దారి విడవడం దాని సద్గుణమని ఒప్పుకోవలసిందే. కానీ రాత్రింబవళ్లు అంతులేని వేగం కావాలనే కోరికకు అది సమాధానమైతే, కోరిక తీరడంతో ఆగదని ప్రతి సాధకునికీ తెలుసు. ఇంధనం వేసిన కొద్దీ అగ్ని పెరుగుతుంది. వేగం పెరిగిన కొద్దీ వచ్చేవారు, వారి కోసం గదులు, దుకాణాలు, చెత్త పెరుగుతవి. శ్రీశైలానికి త్వరగా చేరడమే యాత్ర అయితే, ద్వారాలను అంత దూరాన స్థాపించిన పూర్వులు అవివేకులు కావాలి.

ఇక్కడ ఒక న్యాయం విడవరాదు. వృద్ధులు, రోగులు, పసిబిడ్డల తల్లులు సైకిలు తొక్కలేరు, నడవలేరు. వారికి ఆర్టీసీ బస్సు ఉన్నది. ఒక్క బస్సు యాభైమందిని మోస్తుంది. పది పన్నెండు కార్లు అడవిని కలచివేయవలసిన పనిని ఒక్కసారి దాటడంతో ముగిస్తుంది. ఈ వ్యాసం చేసే ఖండనం బస్సుకు వర్తించదు. శక్తి ఉండి, తీరిక ఉండి, ఒక్కొక్కరు ఒక్కొక్క కారులో దూసుకుపోయేవారికే వర్తిస్తుంది.

సిద్ధాంతం

కఠోపనిషత్తు శరీరాన్ని రథమని, బుద్ధిని సారథి అని, మనస్సును పగ్గమని, ఇంద్రియాలను గుర్రాలని చెప్పింది. సైకిలులో ఈ రూపకం ప్రత్యక్షమవుతుంది. రథికుడు, సారథి, గుర్రం ఒక్కడే. అలసట గుర్రానిదని తప్పించుకొనే అవకాశం లేదు. తప్పు సారథిదని నెట్టివేసే వీలు లేదు. కనుక సైకిలు నియమంతో కూడినప్పుడు యాత్రాసాధనం, నియమం లేనప్పుడు వట్టి ఆటవస్తువు. యాత్రయా, విహారమా అనే ప్రశ్నకు సమాధానం చక్రంలో లేదు, సంకల్పంలోను, ఆచరణలోను ఉన్నది.

త్రిపురారం నుండి ఒక యువకుడు శ్రీశైలానికి సైకిలుపై బయలుదేరుతున్నాడని భావించండి. అతనికి రెండు దారులున్నవి. హాలియా, కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరి ఉత్తరద్వారం నుండి పోవడం ఒకటి. హాలియా, సాగరం, మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శిఖరేశ్వరం వైపు నుండి పోవడం రెండవది. ఈ రెండవదానిలో కొద్దిగా పక్కకు తిరిగితే తూర్పుద్వారమైన త్రిపురాంతకేశ్వరుని దర్శనం కూడా లభిస్తుంది. ఏ దారి పట్టినా అతడు పాటించవలసిన నియమాలు ఇవి.

మొదటిది, రాజమార్గాన్ని విడిచి అడవి బాటలోకి చక్రం తిప్పరాదు. రెండవది, గేటు రాత్రి తొమ్మిదికి మూసినా అతనికి సూర్యాస్తమయమే గేటు. ఉదయం అడవిలో ప్రవేశించి వెలుగుండగానే బయటపడాలి, మధ్యాహ్నం దాటితే ఆ రాత్రి మన్ననూరులోనో దోర్నాలలోనో బస చేయాలి. మూడవది, ఈగలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపులలో వేగానికి లొంగరాదు. ప్రతి మలుపు ముందు గంట మ్రోగించాలి. గుడిలో ప్రవేశించేవాడు గంట కొట్టినట్లే అది. నాలుగవది, తీసుకొనిపోయిన ప్రతి సీసా, ప్రతి కవరు తిరిగి తెచ్చుకోవాలి. అయిదవది, పదిమందికి మించి గుంపు కట్టరాదు, జంతువు కనబడితే దూరాన ఆగి అది దాటేవరకు వేచి ఉండాలి. ఆ నిరీక్షణమే జపం. ఆరవది, ఎంతసేపట్లో ఎక్కాడో ఎవరికీ చెప్పరాదు.

దేవస్థానాలకు, ప్రభుత్వాలకు కూడా విధి ఉన్నది. నడిచేవారికి, తొక్కేవారికి అడవి అంచులలో మంచినీరు, నీడ, శౌచాలయం ఏర్పరచాలి. పగటి వేగపరిమితిని పలకపై వ్రాసి ఊరుకోకుండా అమలు చేయాలి. కొండపైన అన్నప్రసాదంలో నడిచి వచ్చినవారికి, తొక్కి వచ్చినవారికి ముందు వరుస ఇవ్వాలి. ముఖ్యుల వాహనాలకు ఇచ్చే ప్రాధాన్యంలో సగమైనా చెమటకు ఇస్తే క్షేత్రమర్యాద నిలుస్తుంది.

పశుపతి అనే నామంలో పశుశబ్దానికి సమస్త జీవులూ అర్థం. ఆ పశువులలో సైకిలు తొక్కేవాడూ ఒకడే, దారి దాటే దుప్పీ ఒకటే. ఒక పశువును బెదరగొట్టి మరొక పశువు పతిని ప్రసన్నుని చేసుకోగలదా? ఈశాన్యద్వారం నీటిలో మునిగింది, దానికి బదులుగా పల్లెలకు అన్నం దొరికింది. ఉత్తరద్వారపు దారి వేగంలో మునిగితే బదులుగా దొరికేది ఏదీ లేదు. నెమ్మదిగా వెళ్లండి. అతడు స్థాణువు, ఎక్కడికీ పోడు.

సర్వం శివార్పణమస్తు.